అమ్మవారి పాతబాకీ

శ్రీహరిరావు ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణానికి వెళ్లాలి, తన పేరున ఉన్న బాకీ కట్టేయాలి, బాకీల లిస్టులోంచి తన పేరు తీసేసుకోవాలి, సాయంత్రం తలెత్తుకుని ఇంటికి రావాలి. ఇంత చిన్న పనికి కూడా ఏదో ఒక అడ్డు వచ్చి తీరుతుందని అతని నమ్మకం. యాభై రెండేళ్ల జీవితంలో అతనికి వమ్ము కాని నమ్మకం ఇదొక్కటే.

భార్య హైమవతి చీటీ పాడగా వచ్చిన రెండు వేలు కవర్లో పెట్టి ఇచ్చింది.

"జాగ్రత్తండీ. అఫ్జల్‌గంజ్ బస్సులో జేబులు కొట్టేస్తారు."

"కొట్టేస్తే మాత్రం ఏముంది. ఎలాగూ పోయే డబ్బే."

"పొద్దున్నే ఏం మాటలండీ అవి. బాకీ తీరిపోతోందంటే సంతోషించాలి గానీ."

"తీరాక చూద్దాంలే" అని చెప్పులు వేసుకున్నాడు శ్రీహరిరావు.

గుడివాడ ప్రాంతం నుంచి ఇరవై ఏళ్ల కిందట హైదరాబాదుకు వచ్చి, ఒక ఫ్యాక్టరీలో లెక్కలు రాసినవాడు. తొంభై ఆరులో ఆ ఫ్యాక్టరీకి తాళం పడింది. తర్వాత ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా ఒకటే ప్రశ్న, కంప్యూటర్ వచ్చా అని. అతనికి వచ్చింది కలం, స్కేలు, ఎర్ర సిరా. చివరికి బేగంబజార్‌లో రామలింగం సేఠ్ స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరకదని అతనికి తెలుసు. ఆ భయంతోనే నిద్ర లేచేవాడు, ఆ భయంతోనే పడుకునేవాడు. చేరిన కొత్తలోనే కూతురు సాహిత్య కాలేజీ ఫీజుకోసం సేఠ్ దగ్గర ఐదు వేలు అడ్వాన్సు తీసుకోవాల్సి వచ్చింది. కొంత తీరి, ఇంకా రెండు వేలు మిగిలింది. అతని వంశంలో ఇంతవరకూ ఎవరూ ఎవరికీ బాకీ పడి ఎరగరు. నెలనెలా బాకీల లిస్టు రాసేటప్పుడు తన పేరు అట్టడుగున చిన్న అక్షరాలతో, ఎవరో తరుముతున్నట్టు గబగబా రాసేసేవాడు.

అతను వచ్చేవరకూ ఆ దుకాణంలో ఉన్నది ఒకే పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట, మూరెడు పొడవు. ఎవరికి ఏ సరుకు పోయింది, ఎవరు ఎంత తెచ్చి ఇచ్చారు, సేఠ్ తమ్ముడి పెళ్లిలో బ్యాండువాళ్లకు ఎంత ముట్టింది, అన్నీ అందులోనే కలిసి కాపురం చేసేవి. శ్రీహరిరావు వేరు కాపురాలు పెట్టించాడు. అరువు మీద పోయిన సరుకు అమ్మకాల చిట్టాలో రాయాలి. చేతికి అందిన నగదు వసూళ్ల చిట్టాలో రాయాలి. చేతిలో డబ్బు పడనిదే వసూళ్ల చిట్టాలో గీత పడకూడదు, రసీదు ఇవ్వనిదే పద్దు ముగియకూడదు. అరువులోంచి వసూలు తీసేస్తే మిగిలిందే బాకీల లిస్టు. ప్రపంచంలో అతను అనుమానం లేకుండా నమ్మిన సంగతులు ఇంకేమీ లేవు.

ఆ లిస్టులో అడుగున అతని పేరుంటే, అందరికంటే పైన మాత్రం ఒక విచిత్రమైన పార్టీ ఉండేది. శ్రీ మహాలక్ష్మి అమ్మవారు, పాత బాకీ, వెయ్యినూట పదహార్లు. ప్రతి దీపావళికీ కొత్త పుస్తకం తెరిచి సేఠ్ తన చేత్తోనే ఆ పద్దు మొదటి వరుసలో ఎక్కిస్తాడు. ఇదేమిటని శ్రీహరిరావు ఒకసారి హమాలీ ఆగయ్యను అడిగాడు.

"అమ్మవారికి గిన్నెలిచ్చినం సారూ" అన్నాడు ఆగయ్య.

"ఎప్పుడిచ్చారు?"

"నాకు తెల్వది. నేనొచ్చెటాల్లకే ఇచ్చిన్రు."

సేఠ్‌ను అడిగితే, "గా ముచ్చట మా అమ్మకు ఎర్క" అని ఫోన్ ఎత్తుకున్నాడు. సేఠ్ తల్లి రుక్మాబాయిని అడిగే ధైర్యం బజారులోనే ఎవరికీ లేదు. శ్రీహరిరావు ఊరుకున్నాడు.

ఆ పొద్దున అతను దుకాణంలో కూర్చుని కవరు తీశాడో లేదో ఫోన్ మోగింది. ఆడిటర్ అమరనాథ్. కుర్రవాడే గానీ రూల్సు తప్ప వేరే మాట రాదు.

"రావుగారూ, మధ్యాహ్నం వస్తున్నాను. బాకీదార్లందరి సంతకాలూ తీసి ఉంచారు కదా? ఇంత బాకీ నిజమేనని ఒప్పుకున్నట్టు?"

"తీశానండీ. ఒక్కరిది తప్ప."

"మొదటి పార్టీదేనా?"

"ఆ పార్టీ ఎవరో మీకూ తెలుసు కదండీ."

"తెలుసండీ. మా ఇంట్లోనూ ఫోటో ఉంది. కానీ బాకీల లిస్టులోకి ఎక్కాక ఆవిడా పార్టీయే. సంతకం లేకపోతే బోగస్ పద్దు అని రాయాల్సి వస్తుంది. అలా రాస్తే ఆ లెక్కలు ఎవరు రాశారని ముందు అడుగుతారు."

శ్రీహరిరావు ఫోన్ పెట్టేసి లిస్టు ముందుకు లాక్కున్నాడు. సేఠ్, రుక్మాబాయి ఇద్దరూ నిజామాబాద్‌లో పెళ్లికి పోయారు. రెండు రోజులదాకా రారు. బాకీ కొట్టేయాలంటే సేఠ్ సంతకం కావాలి. బాకీ ఉంచాలంటే అమ్మవారి సంతకం కావాలి. రెండూ దొరకని చోట మిగిలిన దారి ఒక్కటే, బాకీ కట్టేయడం. అమ్మవారి తరఫున కట్టేవాళ్లు ఎవరున్నారని చుట్టూ చూశాడు. గల్లాపెట్టె మీద దండ వేసిన ఫోటోలో అమ్మవారు నాణాలు కురిపిస్తూనే ఉంది, కాకపోతే అవి కింద పడవు.

కవర్లోంచి వెయ్యినూట పదహారు లెక్కపెట్టి గల్లాలో వేశాడు. వసూళ్ల చిట్టాలో అమ్మవారి పేరున రాశాడు. మిగిలిన ఎనిమిది వందల ఎనభై నాలుగు తన పేరున జమ కట్టుకున్నాడు. తీరా లిస్టు చూస్తే అమ్మవారి బాకీ పోయింది, సరిగ్గా అంత బాకీ తన నెత్తిన మిగిలింది. హైమవతికి ఏం చెప్పాలో తెలియక చాలాసేపు దిగులుగా కూర్చున్నాడు. రసీదు రాసి సంతకం పెట్టాడు. రసీదు అసలు కాపీ డబ్బు కట్టినవాళ్లకే చేరాలి గనక, కాగితం మడిచి ఫోటో దండలో దోపాడు.

మధ్యాహ్నం అమరనాథ్ వచ్చాడు, టిక్కు పెట్టాడు, చాయ్ తాగాడు, వెళ్లిపోయాడు. పని ఇంత సాఫీగా జరిగిపోవడం శ్రీహరిరావుకు అస్సలు నచ్చలేదు.

మర్నాడు పొద్దున పూలు మారుస్తుంటే ఆగయ్య చేతికి రసీదు దొరికింది. కూడబలుక్కుని చదివి, రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

"సారూ, అమ్మ పైసలు కట్టిందా?"

నేనే కట్టానంటే ఎందుకు కట్టావంటారు, పద్దు బోగస్ అని ఒప్పుకోవాల్సి వస్తుంది. అమ్మవారే కట్టిందంటే అబద్ధమవుతుంది. శ్రీహరిరావు ఈ రెండింటికీ మధ్యన ఒక మాట వెతుక్కున్నాడు.

"రసీదులో ఏముంటే అదే, ఆగయ్యా."

అంతే, ఆగయ్య బండి అక్కడే వదిలేసి మూలమీది ఇరానీ హోటల్‌కు పోయాడు. నోటిమాటకు కాళ్లు లేవు గానీ బేగంబజార్‌లో దానికి హమాలీలున్నారు. పది గంటలకు అమ్మవారు బాకీ కట్టిందట. పన్నెండుకు ముత్తయిదువ రూపంలో వచ్చి కట్టిందట. సాయంత్రానికి చార్మినార్ గాజుల దుకాణాలదాకా పోయేసరికి ఆవిడ పసుపు పాదాలతో మెట్లెక్కి, నోట్లు తనే లెక్కపెట్టి, రసీదు అడిగి మరీ తీసుకుందట. గుమాస్తా పంతులు తెల్లమొహం వేసుకుని చూస్తూ కూర్చున్నాడట. ఈ ఆఖరి ముక్క ఒక్కటే నిజానికి కాస్త దగ్గరగా ఉంది.

నిజామాబాద్ నుంచి సేఠ్ దిగాడు. వెనక రుక్మాబాయి.

"ఏంది రావ్‌సాబ్ గిది. బస్సు దిగంగనే చాయ్ హోటలాయన చెప్తుండు, మీ బాకీ అమ్మవారు తీర్చిందట గదా అని."

శ్రీహరిరావు జరిగింది జరిగినట్టు చెప్పాడు. రుక్మాబాయి దుకాణం మెట్టు మీద చతికిలబడింది.

"కొంప ముంచినవ్ గదయ్యా. మా మామ ఉన్నప్పటి సంది ఆ బాకీ గట్లనే నడుస్తున్నది. అమ్మ మనకు బాకీ ఉంటెనే గదా మన గడప తొక్కుతది. బాకీ తీర్చుకున్నోళ్లు మల్ల మన మొకం జూస్తరా?"

"నేను దుకాణం మంచికే చేశానండీ, అమ్మగారూ."

"మంచికే జేసినవ్. గందుకే గిట్లయింది."

"ముందుగాల ఆ పద్దు కొట్టేయండి" అన్నాడు సేఠ్.

"రసీదు ఇచ్చాక కొట్టేయకూడదండీ. డబ్బు వెనక్కి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి."

"ఎవరి సంతకం?"

శ్రీహరిరావు ఫోటో వైపు చూశాడు. సేఠ్ కూడా చూశాడు.

"రూల్ గీల్ జాన్తా నై. నేను చెప్తున్న, కొట్టేయండి" అని సేఠ్ చిట్టా లాగి ముందు పడేశాడు. శ్రీహరిరావు ఎర్ర సిరా కలం తీశాడు. సరిగ్గా అప్పుడు బాలనర్సింహ మెట్లెక్కాడు.

బాలనర్సింహకు సంతోష్‌నగర్ అవతల బర్రెల కొట్టం ఉంది. ఏళ్ల తరబడి ఇక్కడే పాలక్యాన్లు తీసుకుంటాడు. వచ్చినప్పుడల్లా పాత బాకీలో కొంత కట్టి, దానికి రెండింతల సరుకు కొత్తగా అరువు పట్టుకుపోతాడు. ఆ రోజు తువ్వాలలో మూటగట్టిన నోట్లు తెచ్చి గల్లా ముందు కుమ్మరించాడు.

"రాత్రి నిద్ర పట్టలె సేఠ్. అమ్మవారంతటి ఆమె వచ్చి బాకీ కట్టింది, బర్లు గాసెటోణ్ణి నేనెంత. మొత్తం రాస్కోండి. ఒక్క రూపాయి ఉంచకండి."

సేఠ్ నోట్ల వైపు చూశాడు, శ్రీహరిరావు చేతిలోని కలం వైపు చూశాడు.

"రావ్‌సాబ్, గా కొట్టేసుడు రేపు జూద్దాం."

రేపు రానే లేదు. పెళ్లిళ్లకు వండే జహంగీర్ భాయ్ షాలిబండ నుంచి వచ్చి పెద్ద డేగిసాల బాకీ మొత్తం కట్టాడు. అమ్మవారి సంగతి ఆయనకు పట్టలేదు. "సబ్ దే రైఁ కతే, మై కైకు పీఛే" అన్నాడు, అందరూ కడుతుంటే తానొక్కడే ఎందుకు వెనకబడాలని. సేఠ్ ఎదురుపడతాడని కొన్నేళ్లుగా సందులు మార్చి తిరుగుతున్న వైకుంఠం కూడా కొబ్బరికాయతో సహా వచ్చి అణాపైసలతో తీర్చాడు. వసూళ్ల చిట్టా నిండిపోతే ఇంకొకటి కొనాల్సి వచ్చింది. సేఠ్ అందరికీ మిఠాయి పంచాడు. శ్రీహరిరావు భుజం తట్టి, "మీరు మస్తు పని చేసిన్రు రావ్‌సాబ్, దీపావళికి జీతం చూద్దాం" అన్నాడు. రుక్మాబాయి ఒక్కతే మిఠాయి ముట్టలేదు.

శ్రీహరిరావు కూడా ఆనందపడలేదు. అతనికి ఆనందపడే అలవాటు లేదు సరే, ఈసారి కారణం కూడా ఉంది. అమ్మకాల చిట్టా తెరిస్తే పేజీ తెల్లగా ఉంది. మర్నాడు తెరిచినా అలాగే ఉంది. గోదాములో గిన్నెలు, బిందెలు, టిఫిన్ క్యారియర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కట్టడానికి వచ్చేవాళ్లు కట్టి, దండం పెట్టి, చేతులు ఊపుకుంటూ పోతున్నారు.

ఎందుకో అతనికి ఎదురు దుకాణం చూశాక తెలిసింది. బాలనర్సింహ అక్కడ నిలబడి పాలక్యాన్లు బేరమాడుతున్నాడు. వీళ్లను చూసి దాక్కోలేదు, నవ్వుతూ చెయ్యి ఊపాడు. సేఠ్ ఉండబట్టలేక రోడ్డు దాటాడు.

"ఏంది బాలనర్సింహా, మన దుకాణం యాదికి లేదా?"

"యాదికెందుకు లేదు సేఠ్. ఇన్నొద్దులు బాకీ ఉండె, గాడికి రాకపోతే మీరు ఏమనుకుంటరో అని ఫికరుండె. గిప్పుడు ఆ ఫికరు లేదు గదా. నాలుగు దుకాణాలు తిరిగి అగ్గువకు దొరికినకాడ తీసుకుంటున్న."

పాపం, అతని మాటలో కల్లాకపటం లేదు. రామలింగం సేఠ్ సరుకు అగ్గువ అని ఇంతకాలం ఎవరూ రాలేదు. పాత బాకీకి మొహం చెల్లక వచ్చేవాళ్లు, వచ్చినందుకు కొంత కట్టేవాళ్లు, కట్టినందుకు ధైర్యంగా ఇంకొంత సరుకు పట్టుకుపోయేవాళ్లు. దుకాణం అలా నడిచింది. ఇప్పుడు ఊరందరికీ రుణవిమోచనం అయింది.

దీని వెనకే ఇంకొక దెబ్బ తగిలింది. రామలింగం గల్లా నిండిందన్న మాట మద్రాసుదాకా పోయింది. స్టీలు పంపే పార్టీల మనుషులు రైలెక్కి వచ్చారు. ఇంతకాలం నెలకు ఇంత అని తీసుకున్నవాళ్లు, "పైసలుండి కూడా ఆపడం బాగుండదు సేఠ్" అని మర్యాదగా గల్లా ఊడ్చుకుని పోయారు. శ్రావణం పెళ్లిళ్ల సీజను వచ్చింది, పోయింది. గల్లాలో డబ్బు లేదు, గడపలో గిరాకీ లేదు. వానకు మెట్ల ముందు నీళ్లు నిలిస్తే, వాటిని తొక్కడానికి ఆగయ్య తప్ప మనిషి లేడు.

ఒక ముసురు పొద్దున సేఠ్ శ్రీహరిరావును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఈ పిలుపు వస్తుందని శ్రీహరిరావు చాలా రోజులుగా ఎదురుచూస్తున్నాడు. రాత్రి హైమవతికి చెప్పాడు కూడా. ఆవిడ అటు తిరిగి పడుకుని కళ్లు తుడుచుకుంది.

"రావ్‌సాబ్, మీరు మంచోళ్లే. కానీ రాసెటందుకు అమ్మకం లేనప్పుడు రాసెటోడెందుకు చెప్పండి. మీ లెక్క చూస్కోండి ఇగ."

శ్రీహరిరావు తలూపాడు. కలం మూతపెట్టి, ఆఖరిసారిగా బాకీల లిస్టు రాసి సేఠ్ ముందు పెట్టాడు. అది రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. అందులో ఒకే పేరుంది. శ్రీహరిరావు, వెయ్యినూట పదహార్లు. గిరాకీ లేని నెలల్లో సగం జీతమే ఇస్తూ సేఠ్ అందులోంచి అడ్వాన్సు కోయడం మానేశాడు.

"దీనికొక దారి ఉందండీ" అన్నాడు శ్రీహరిరావు. "అమ్మవారి పేరున కట్టింది నా డబ్బే గనక దాన్ని నా పేరుకు మార్చేయండి. నా బాకీ తీరిపోతుంది. నాకూ మీకూ లెక్క ఉండదు. నేను వెళ్లిపోతాను."

సేఠ్ సరేనని కలం తీసుకున్నాడు. మెట్టు మీద కూర్చుని వాన చూస్తున్న రుక్మాబాయి అక్కడినుంచే అడిగింది.

"ఏం రాస్తున్నవ్ రా?"

"రావ్‌సాబ్ బాకీ తీరిపోయినట్టు రాస్తున్న అమ్మా."

"అది తీరినంక ఎవరుంటరు ఆ లిస్టుల?"

సేఠ్ లిస్టు చూశాడు. "ఎవరుండరు."

రుక్మాబాయి లేచి వచ్చి కొడుకు చేతిలోని కలం లాక్కుంది.

"సిగ్గు శరం ఉన్నదా నీకు. అమ్మవారు పాయె, ఊరోళ్లందరు పాయె, దుకాణానికి బాకీ ఉన్నోడు ఈ ఒక్క మనిషి మిగిలిండు. బాకీ ఉండబట్టే వానలగూడ దినాం వస్తుండు. గీయన బాకీ గూడ తీర్పిచ్చి సాగనంపుతవా? ఇగ ఈ దుకాణంల దీపం ఎవరికోసం పెడతవ్? ఏమయ్యా రావ్‌సాబూ, దేవుని పేరున ఇచ్చిన సొమ్ము మల్ల నీ పేరున రాస్కుంటవా, పాపం తగలదా?"

"అలా కాదండీ అమ్మగారూ..."

"ఏం లేదు. నీ బాకీ నీకే ఉండనీ. రేపు టైముకు రా."

యాభై రెండేళ్లలో మొదటిసారి శ్రీహరిరావు అనుకున్న చెడు జరగలేదు. ఏం చేయాలో తోచక, మూతపెట్టిన కలం మళ్లీ తీసి మళ్లీ మూతపెట్టాడు. కళ్లు చెమ్మగిల్లితే వాన జల్లు పడినట్టు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే రుక్మాబాయి ఆగయ్యను పంపి బాలనర్సింహను పిలిపించింది. వద్దు మొర్రో అంటున్నా వినకుండా పాలక్యాన్లు బండికెత్తించి, పైసలు తర్వాత ఇవ్వమంది. అమ్మకాల చిట్టాలో చాలాకాలానికి ఒక గీత పడింది. వారం తిరక్కుండా కొంత కట్టడానికి బాలనర్సింహ మొహమాటంగా వచ్చాడు, ఇంకో రెండు క్యాన్లు పట్టుకుపోయాడు. జహంగీర్ భాయ్‌కి పండక్కి డేగిసాలు కావాల్సి వచ్చాయి. వ్యాపారం మెల్లగా అప్పులోకి దిగి ఒడ్డున పడింది.

దీపావళినాడు సేఠ్ కొత్త పుస్తకం తెరిచాడు. అమ్మవారికి కొత్తగా బిందె, గిన్నెలు అరువిచ్చినట్టు మొదటి పద్దు రాశాడు. రెండో వరుసలో శ్రీహరిరావు, పాత బాకీ, వెయ్యినూట పదహార్లు అని గుండ్రటి అక్షరాలతో ఎక్కించాడు. రుక్మాబాయి రెండు వరుసలకూ పసుపు కుంకుమ పెట్టింది. ఆగయ్య హారతి పళ్లెం రెండింటి ముందూ తిప్పాడు. తన బాకీ హారతి అందుకుంటుంటే శ్రీహరిరావు కూడా చేతులు జోడించాడు.

పండగ వెళ్లాక హైమవతి మళ్లీ చీటీ డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఈసారైనా కట్టేయండి. మీ పేరు కొట్టేయించుకోండి."

శ్రీహరిరావు కవరు తిరిగి ఆవిడ చేతికే ఇచ్చి చెప్పులు వేసుకున్నాడు.

"వద్దు. అమ్మవారు ఒకసారి కట్టి చూసిందిగా, చాలు."